వదిన మూసిన తలుపు

మా వదిన ఉద్యోగం ఏమిటని ఎవరైనా అడిగితే ‘తలుపు’ అని ఊరుకునేది. సభలో వెనక వరుస సభ్యులు వచ్చేపోయే తలుపు ఆమెది. ముందు తలుపు మంత్రులది. దానికి ఇత్తడి పిడి, ఎర్ర తివాచీ, అటొకరూ ఇటొకరూ నిలబడటానికి మనుషులు. వెనక తలుపుకి మా వదిన ఒక్కతే. మనిషి మొహం ఎత్తున గుండ్రటి అద్దం, కింద అరిగిపోయిన గడప, లోపలివైపు బారెడు ఇనుప గడియ. ఆ గడియ పడితే చప్పుడు స్పీకరు కుర్చీ దాకా వినిపిస్తుందని ఆమెకి లోలోపల గర్వం.

నేను ఆమె తమ్ముడి భార్యని. దర్జీని. సభలో తలుపుల దగ్గర నిలబడేవాళ్లకీ, ఫైళ్లు మోసేవాళ్లకీ, డ్రైవర్లకీ నల్లకోట్లు కుట్టేది నేనే. ఆ పని ఇప్పించింది కూడా వదినే. కథ ఆమెది, చెప్పేది నేను, అందుకని ఇందులో కోపం కాస్త ఎక్కువే ఉంటుంది. తగ్గించి చెప్పమంటే నావల్ల కాదు. నా మొగుడు పోయాడు. పోయినవాడి మీద అబద్ధం రాశారు. ఆ అబద్ధానికి ఓ పెద్దమనిషి కాపలా కాశాడు.

తలుపు పని అంటే ఏముంది అనుకుంటారు అందరూ. సభలో ఏదైనా ఓటింగుకి వచ్చిందంటే గంట మోగుతుంది. వరండాల్లో, క్యాంటీన్లో, మరుగుదొడ్లలో కూడా మోగుతుంది. మోగినంతసేపూ తలుపు తెరిచి ఉండాలి. ఆగగానే మూసి గడియ వెయ్యాలి. ఫలితం చదివేదాకా బయటివాళ్లు బయటే, లోపలివాళ్లు లోపలే. నియమం ఇంతవరకే. కానీ తలుపులవాళ్లకి తమలో తమకి ఒక అలవాటు ఉంది. గంట ఆగేసరికి ఎవరైనా సభ్యుడు వరండా మలుపు తిరిగి వస్తూ కనిపిస్తే, తలుపు రెక్కకీ చట్రానికీ మధ్య అరచెయ్యి పెట్టి ఒక్క క్షణం ఆపుతారు. దాన్ని ‘చెయ్యి అడ్డం’ అంటారు. ఏ పుస్తకంలోనూ రాసి లేదు. మోకాళ్ల నొప్పులవాళ్లు పరుగెత్తలేరు కదా అని ఎప్పుడో ఎవరో మంచిమనిషి మొదలుపెట్టి ఉంటాడు. స్పీకరుకి తెలిసినా తెలియనట్టే ఉంటాడు.

వదిన పెళ్లి చేసుకోలేదు. తల్లి చిన్నప్పుడే పోయింది, తండ్రి తాగేవాడు. సాయంత్రం అయితే ఏ సందులో పడి ఉన్నాడో వెతికి, భుజం మీద చెయ్యి వేయించుకుని ఇంటికి తీసుకొచ్చేది వదినే. ముందు లాంతరు పట్టుకుని నడిచేది తమ్ముడు, అంటే మా ఆయన. ఆ వాసన ఆయనకి జన్మంతా పడలేదు. దగ్గు మందు తాగాలన్నా ముక్కు మూసుకునేవాడు. పెళ్లిలో మా మేనమామ గ్లాసు చేతికిస్తే తీసుకెళ్లి పూలకుండీలో పోసి, ఖాళీ గ్లాసు వినయంగా తిరిగిచ్చాడు. మేనమామకి ఆ అవమానం ఇప్పటికీ తీరలేదు.

రోజంతా నిలబడి నిలబడి వదిన కాళ్ల నరాలు పైకి తేలిపోయాయి. ఇంటికొచ్చి వేడినీళ్ల బకెట్లో కాళ్లు పెట్టుకుని, నేను కుడుతున్న కోటు చంకల కింద లాగి చూసి, ఇక్కడ ఇంకో కుట్టు వెయ్యి అనేది. బస్సెక్కినా అందరూ ఎక్కేదాకా తలుపు దగ్గరే నిలబడేది. అది ఆమె పని కాదని కండక్టరు కసిరినా కదిలేది కాదు. మాటలు తక్కువ. నా నోరు అందుకు సరిపోయేది.

ఇక ఆ పెద్దమనిషి. మేముండే పేటకి సభలో ఆయనే ప్రతినిధి. చివరి వరుసలో, స్తంభం పక్కన కూర్చునేవాడు. తలుపులవాళ్లు ఆయనకి పెట్టిన పేరు హాజరుగారు. ఎందుకంటే గెలిచినప్పటినుంచీ ఒక్క ఓటింగూ తప్పలేదు. ఆయన గొప్ప మొత్తం అదే. ఏటా కొత్త సంవత్సరానికి తన బొమ్మతో క్యాలెండరు అచ్చువేయించి పేటలో ఇంటింటికీ పంచేవాడు. బొమ్మ కింద ‘సభలో నూటికి నూరు హాజరు’ అని పెద్ద అక్షరాలు. ఆ హాజరై ఏం చేశాడని అడిగితే చెప్పడానికి చాలా కొంచెం ఉంది. పార్టీ అవునంటే అవును మీట, కాదంటే కాదు మీట. ఒకసారి కునుకు తీస్తూ తప్పు మీట నొక్కి, చీటీ పంపి దిద్దించుకున్నాడు. ప్రసంగం అని చెప్పుకోదగ్గది ఒక్కటే చేశాడు. లేచి, నేను సమర్థిస్తున్నాను అధ్యక్షా అని కూర్చున్నాడు. బస్టాండులో ఫ్యాన్లు తిరగడం లేదని ఒక ప్రశ్న వేశాడు. ఫ్యాన్లు ఇప్పటికీ తిరగడం లేదు.

ఓటింగుకి ఆయన ఎప్పుడూ చివర్నే వచ్చేవాడు. కాళ్లు బాగానే ఉన్నాయి, క్యాంటీన్లో టీ గ్లాసు పట్టుకుని అటూఇటూ తిరుగుతూనే ఉండేవాడు. గంట ఆగాక, సభ అంతా సద్దుమణిగాక, తలుపు సందులోంచి లోపలికి అడుగుపెడితే అందరూ తల తిప్పి చూస్తారు. సభ తనవైపు చూసేది ఆ ఒక్కసారే. ఆ సుఖం కోసం రోజూ మా వదిన అరచెయ్యి తలుపు సందులో నలిగేది. లోపలికొస్తూ చిరునవ్వు ఒకటి పారేసేవాడు. చెల్లెమ్మా అనేవాడు. ఆ పిలుపుకి వదిన కరిగిపోయేది. నిజం చెప్పాలంటే నేనూ మురిసిపోయాను, ఓటు కూడా ఆయనకే వేశాను.

మా ఆయన రంగుల ఫ్యాక్టరీలో బాయిలరు దగ్గర పనిచేసేవాడు. ఆవిరి వదిలే వాల్వు బిగుసుకుపోయిందని ఎన్నిసార్లు చెప్పినా ఓనరు పట్టించుకోలేదు. తనిఖీ అధికారి రావడం అంటే ఓనరు కారులో గేటు దాకా రావడం, ఆఫీసు గదిలో సంతకం పెట్టడం, వెళ్లిపోవడం. అలా సంతకం పడిన వారంలోనే బాయిలరు పేలింది. ఆయన్ని నాకు పూర్తిగా చూపించలేదు కూడా.

ఫ్యాక్టరీ వాళ్లు ఇచ్చిన నివేదికలో, కార్మికుడు తాగి వచ్చి వాల్వు తప్పు తిప్పడం వల్ల ప్రమాదం జరిగింది అని రాశారు. పత్రికల్లో అదే వచ్చింది. పేటలో అదే నిలబడిపోయింది. తండ్రి తాగేవాడుగా, కొడుక్కీ అదే వచ్చి ఉంటుంది అని పక్కింటావిడ నాకు వినపడేలాగే అంది. మా పాప బడినుంచి వచ్చి, నాన్న తాగేవాడా అమ్మా అని అడిగింది. ఆ రోజు నేను కత్తెర గోడకేసి కొట్టాను. గోడకి ఆ గుంట ఇంకా ఉంది.

వదిన కత్తెర తీసి బల్ల మీద పెట్టింది. ఏడవలేదు. ‘సభలో అడిగిద్దాం. అక్కడ మంత్రి జవాబు చెప్పాలి. చెప్పింది అచ్చవుతుంది. అది ఇంక ఎవడూ చెరపలేడు’ అంది.

కుట్టు మిషను మీద కాగితం పెట్టుకుని ఇద్దరం కలిసి ప్రశ్న రాశాం. బాయిలరు పేలకముందు తనిఖీ అధికారి బాయిలరు గదిలోకి వెళ్లారా. మరణించిన కార్మికుడు తాగి ఉన్నాడని తేల్చే వైద్య పరీక్ష ఏదైనా జరిగిందా. ఇంతే. మాకు ఇంకేమీ అక్కర్లేదు. ఆ రెండు మాటలకి జవాబు వస్తే చాలు, మా మనిషి మంచి పేరు మాకు తిరిగొస్తుంది. వదిన దాన్ని బట్టీ పట్టింది. వేడినీళ్లలో కాళ్లు పెట్టుకుని కూర్చుని పెదాలు కదుపుతూ ఉండేది.

వరండాలో హాజరుగారిని ఆపి కాగితం ఇచ్చింది. ఆయన చదివి, కళ్లు తుడుచుకుని, వదిన తల మీద చెయ్యి పెట్టాడు. నీ తమ్ముడు నాకూ తమ్ముడేనమ్మా అన్నాడు. ప్రశ్న తన పేరు మీద ఇచ్చాడు. జాబితాలో వచ్చింది. వదిన నాకు పై గ్యాలరీకి పాసు తెచ్చింది. నేను పాపకి తల దువ్వి, నేను కుట్టిన నీలం గౌను వేసి తీసుకెళ్లాను. నాన్న గురించి చెబుతారు, బాగా విను అన్నాను.

సభలో ఒక పద్ధతి ఉంది. స్పీకరు ప్రశ్న సంఖ్య చదివినప్పుడు అడిగిన సభ్యుడు తన సీటులో ఉండి లేచి నిలబడాలి. లేకపోతే ప్రశ్న రద్దయిపోతుంది. మంత్రి నోరు విప్పక్కర్లేదు. మళ్లీ ఆ సమావేశాల్లో ఆ ప్రశ్న ఎవరూ వెయ్యడానికి లేదు.

స్పీకరు సంఖ్య చదివాడు. స్తంభం పక్కన సీటు ఖాళీ. మళ్లీ చదివాడు. నేను గ్యాలరీ కటకటాలు పట్టుకుని లేచి నిలబడ్డాను, కూర్చోమని ఎవరో నా కొంగు లాగారు. సభ్యులు లేరు, తర్వాతి ప్రశ్న అన్నాడు స్పీకరు. తర్వాతిది కోళ్ల దాణా గురించి. మంత్రి కోళ్ల గురించి ఎంతో శ్రద్ధగా చెప్పాడు. నాన్న గురించి ఎప్పుడు చెబుతారు అని పాప అడుగుతూనే ఉంది.

నేను పైనుంచి చూడనిది వదిన కిందనుంచి చూసింది. తలుపు గుండ్రటి అద్దంలోంచి. హాజరుగారు బయటే ఉన్నాడు. తలుపుకి నాలుగడుగుల దూరంలో, పక్కన ఫ్యాక్టరీ ఓనరు. ఇద్దరూ నవ్వుకుంటున్నారు. లోపల సంఖ్య చదివినప్పుడు హాజరుగారు చెయ్యి ఎత్తి వాచీ చూసుకున్నాడు. రెండోసారి చదివినప్పుడు మళ్లీ చూసుకున్నాడు. కోళ్ల మాట మొదలయ్యాక ఓనరు చెయ్యి నొక్కి, తలుపు దగ్గరికి వచ్చాడు. వదిన తీసింది. తియ్యక తప్పదు, ఉద్యోగం.

‘అయ్యో, ఆలస్యమైపోయిందా చెల్లెమ్మా. బయట ఒకటే ట్రాఫిక్’ అన్నాడు.

ఆ సంగతి వదిన ఇంటికొచ్చి చెబుతుంటే నాకు ఒళ్లంతా మంట పుట్టింది. వాడింటికి వెళ్లి చొక్కా పట్టుకుని వీధిలోకి లాగుతానన్నాను. లాగితే ఏమవుతుంది, తాగుబోతు పెళ్లాం రౌడీ అంటారు అంది వదిన. అదీ నిజమే. కొత్త సంవత్సరానికి మా ఇంటికీ క్యాలెండరు వచ్చింది. ఈసారి మందపాటి నునుపు కాగితం, అంచులకి బంగారు రంగు, కింద మూలన ఫ్యాక్టరీ పేరు. వదిన దాన్ని చింపనివ్వలేదు. వెనకవైపు తెల్లగా ఉందిగా, కోట్లకి నమూనాలు గీసుకో అంది. గీసుకున్నాను. ప్రతి కాలరూ, ప్రతి చెయ్యీ ఆ మొహం మీదుగానే కత్తిరించాను. బ్రహ్మాండంగా తెగేది.

కానీ నన్ను రగిలించింది వేరే సంగతి. వదిన వాడికి చెయ్యి అడ్డం పెట్టడం మానలేదు. అంతకు ముందు కంటే ఎక్కువ పెట్టడం మొదలెట్టింది. ఈ మాట నాకు పక్క తలుపు ఆయన చెప్పాడు. కోటు కొలతలకి వచ్చి, మీ వదినకి ఆ హాజరుగారంటే ఎంత అభిమానమో, వరండా మలుపు దాకా రాకపోయినా, మెట్ల దగ్గర కనిపించినా పట్టుకుంటోంది అన్నాడు. నా చేతిలో టేపు ఆయన మెడకి ఉంది. ఆయన అదృష్టం బాగుండి వదిలేశాను.

ఆ సాయంత్రం వదిన గుమ్మంలో అడుగుపెట్టగానే అందుకున్నాను. నీ తమ్ముడి నోరు నొక్కినవాడికి తలుపు పడతావా అన్నాను. సిగ్గు లేదా అన్నాను. ఇంకా చాలా అన్నాను, పెద్దదని కూడా చూడలేదు. వదిన బకెట్లో నీళ్లు పోసుకుని, కాళ్లు పెట్టుకుని, నేను అలిసిపోయేదాకా విన్నది.

‘పడతా. వాడికి బాగా అలవాటు కావాలి’ అంది.

నాకు వెంటనే అర్థం కాలేదు. అర్థమయ్యాక వెళ్లి ఆమె బకెట్లో ఇంకో చెంబు వేడినీళ్లు పోశాను. ఆ రోజునుంచి ఇంట్లో ఆ ఊసు ఎత్తలేదు. వంట చేసుకున్నాం, నేను కోట్లు కుట్టాను, వదిన పాపకి లెక్కలు చెప్పింది. పగ అంటే పళ్లు కొరుక్కుంటూ తిరగడమే అనుకునేదాన్ని. వదిన మాత్రం దాన్ని డ్యూటీలాగే చేసింది. టైముకి వెళ్లింది, నవ్వుతూ తలుపు పట్టింది, నమ్మకంగా పట్టింది. వాడు మలుపునుంచి మెట్లకి, మెట్లనుంచి క్యాంటీన్ గుమ్మానికి జరిగాడు. గంట ఆగాక టీ గ్లాసు కింద పెట్టడం నేర్చుకున్నాడు.

చాలా రోజులు పట్టింది. వదిన కోరుకున్నది మామూలు ఓటింగు కాదు, ఒక్క ఓటు మీద నిలబడేది. అలాంటిది వచ్చేసరికి అది బాయిలర్ల బిల్లే అయి కూర్చుంది. ఇకనుంచి ఫ్యాక్టరీల్లోకి తనిఖీ అధికారులు రానక్కర్లేదు, ఓనర్లు తమ బాయిలర్లకి తామే సర్టిఫికెట్ రాసుకోవచ్చు అన్నది బిల్లు. రంగుల ఫ్యాక్టరీ ఓనరు దానికోసం కాలికి బలపం కట్టుకుని తిరిగాడు. పాలకపక్షంలోనే కొందరు ఎదురు తిరిగారు. లెక్కలు వేసి చూస్తే రెండువైపులా సమానం వస్తోంది. సమానమైతే స్పీకరు ఓటుతో బిల్లు గట్టెక్కుతుంది. అందుకని పార్టీ విప్ ఒక్కొక్కరినీ పిలిచి కాళ్లావేళ్లా పడ్డాడు. హాజరుగారిని పిలవలేదు. ఆయన సంగతి చెప్పక్కర్లేదు కదా, నూటికి నూరు. బిల్లు గట్టెక్కాక సహాయమంత్రి పదవి అని మాత్రం చెవిలో వేశారు.

ముందురోజు వదిన అంది, ‘రేపు మధ్యాహ్నం కొత్త కోట్లు పట్టుకురా.’

ఇంకా బొత్తాలు కుట్టలేదు అన్నాను. బొత్తాలు లేకపోయినా పర్లేదు, నువ్వు రా అంది.

యూనిఫాం గదికి వెళ్లే దారి ఆ వరండాలోంచే. నేను కోట్లు చేతుల మీద వేసుకుని వెనక తలుపు పక్కన గోడకి ఆనుకుని నిలబడ్డాను. గంట మోగింది. సభ్యులు జోళ్లు టకటకలాడించుకుంటూ నా ముందునుంచి పోతున్నారు. వదిన లోపలివైపు తలుపు రెక్క పట్టుకుని ఉంది. మొహం ఎప్పటిలాగే ఉంది. నా గుండె మాత్రం మిషను తొక్కినట్టు కొట్టుకుంటోంది.

గంట ఆగింది. వరండా చివర, క్యాంటీన్ గుమ్మంలో హాజరుగారు కనిపించాడు. ఎవరో కాబోయే మంత్రిగారూ అంటున్నారు, వాళ్లతో చేతులు కలుపుతున్నాడు. వస్తున్నానన్నట్టు వదినవైపు చెయ్యి ఎత్తాడు. పరుగెత్తలేదు. గబగబా నడవను కూడా లేదు. వదిన ఆయన్ని నిండుగా చూసింది. తర్వాత తలుపు లాగింది. గడియ పడ్డ చప్పుడు వరండా అంతా వినిపించింది.

ఆయన తలుపు దాకా నవ్వుతూనే వచ్చాడు. పిడి తిప్పాడు. వేళాకోళం అనుకున్నట్టున్నాడు, వేలి ఉంగరంతో అద్దం మీద కొట్టాడు. ‘నేనేనమ్మా. తలుపు తియ్యి’ అన్నాడు. వదిన అద్దం అవతల నిలబడి ఆయన మొహంలోకి చూస్తూ చెయ్యి పైకెత్తి వాచీ చూసుకుంది. మళ్లీ ఇంకోసారి చూసుకుంది. అప్పుడు నవ్వు పోయింది. గుప్పిట బిగించి తలుపు బాదడం మొదలెట్టాడు. చెల్లెమ్మా పోయింది, ఏయ్ అన్నాడు, నీ ఉద్యోగం పీకిస్తా అన్నాడు. వదిన మొహం సభవైపు తిప్పుకుంది.

నేను దగ్గరికి వెళ్లాను. ఆ మాట ముందుగా అనుకున్నది కాదు, దానంతట అదే నోట్లోకి వచ్చింది.

‘ట్రాఫిక్ ఎక్కువగా ఉందా అండీ?’ అన్నాను.

నావైపు తిరిగాడు. నేనెవరో తెలియలేదు. దానికి నాకు మరింత మండింది. మా బతుకు బుగ్గిపాలు చేసినవాడికి మా మొహమైనా గుర్తుండొద్దా. ‘బాయిలరు మనిషి భార్యని. మీ తమ్ముడి భార్యని’ అన్నాను. అప్పుడు తెలిసింది. నన్ను చూశాడు, అద్దంలోంచి వదినని చూశాడు, గోడకి చేరగిలబడ్డాడు. ఆ మొహాన్ని నేను ఏ కోటు నమూనాకీ కత్తిరించను, జాగ్రత్తగా దాచుకుంటాను.

వరండా మైకులో ఫలితం చదివారు. బిల్లు ఒక్క ఓటు తేడాతో వీగిపోయింది. గడియ తీసిన చప్పుడైంది. వదిన తలుపు బార్లా తెరిచి పక్కకి జరిగి, ఇప్పుడు రావచ్చు సార్ అంది.

ఆయన అక్కడితో ఊరుకుంటే పోయేది. తలుపు మనిషి తన హక్కుకి అడ్డం పడిందని సభాహక్కుల కమిటీకి ఫిర్యాదు పెట్టాడు. కమిటీ అధ్యక్షురాలు జుట్టు పూర్తిగా నెరిసిన ఆవిడ, ప్రతిపక్షం మనిషి. వదినని పిలిచి, గంట ఆగకముందే తలుపు మూశావా అని అడిగింది. ఆగాకే మూశానండి అంది వదిన. మరి ఫిర్యాదు దేనికని ఆవిడ ఆయన్ని అడిగింది. రోజూ నాకోసం పట్టుకునేది, ఆ రోజు కావాలనే మూసేసింది అన్నాడు ఉక్రోషంగా. రోజూ అంటే, మీరు ఇన్నాళ్లూ గంట ఆగాకే వచ్చేవారా అని ఆవిడ అడిగింది. అప్పుడు గానీ ఆయనకి తను ఏమన్నాడో తెలియలేదు. అప్పుడప్పుడూ అని గొణిగాడు. ప్రతిసారీనండి అంది వదిన. నూటికి నూరు హాజరు ఆయన నోటితోనే ఆ గదిలో పోయింది.

తర్వాత ఆవిడ మామూలుగానే అడిగింది, మరి ఆ రోజెందుకు పట్టుకోలేదమ్మా అని. వదిన ఇన్నాళ్లూ నిలబడింది ఆ ప్రశ్న కోసమే. అక్కడ చెప్పిన ప్రతి మాటా రాసుకుంటారు, నివేదికలో అచ్చేసి సభ ముందు పెడతారు. అది ఆమెకి తెలుసు, తలుపులవాళ్లందరికీ తెలుసు.

‘ఒక రోజు ఈయన వేసిన ప్రశ్న పిలుస్తుంటే, ఈయన నా తలుపు బయటే నిలబడి వాచీ చూసుకున్నారండి. పక్కన ఫ్యాక్టరీ ఓనరు ఉన్నారు. ఆ ప్రశ్న మా తమ్ముడి గురించి. వాడు తాగి చచ్చిపోయాడని రాశారు. వాడు జన్మలో తాగలేదండి’ అంది. ప్రశ్న ఏమిటని ఆవిడ అడిగితే, బట్టీ పట్టినదంతా ఒక్క మాట పొల్లుపోకుండా చెప్పింది. గది వరండావైపు తలుపు తెరిచే ఉందట, పక్క తలుపు ఆయన విన్నాడు. చివర్న ఒక్కసారి ఆగి, మంచినీళ్లు అడిగిందట.

సాక్ష్యంలోకి వచ్చింది కాబట్టి కమిటీ ఆ ప్రశ్న శాఖకి పంపి జవాబు తెప్పించక తప్పలేదు. తెప్పించి నివేదికలో వేసింది. తనిఖీ అధికారి బాయిలరు గదిలోకి వెళ్లలేదు. వైద్య పరీక్ష జరగలేదు. ఆ రెండు మాటలకే ఇంత బతుకూ పట్టింది.

నేను ఆ పేజీ పట్టుకుని పేటలో ఇంటింటికీ వెళ్లాను. ఒకప్పుడు వాడి క్యాలెండర్లు పంచిన ఇళ్లకే. మొదట పక్కింటావిడకి చదివి వినిపించాను. కళ్లజోడు లేదు, తర్వాత చూస్తానమ్మా అంది. పర్లేదు, నేనే చదువుతాను అని మొదటినుంచి మళ్లీ చదివాను. పాప బడికి కూడా వెళ్లాను. అక్కడ మాత్రం నన్ను చదవనివ్వకుండా పాపే తీసుకుని చదివింది, గట్టిగా, అక్షరం తప్పకుండా.

కమిటీ వదినకి శిక్ష కూడా వేసింది. తలుపు మూసినందుకు కాదు, అది నియమమే. ఇన్నాళ్లూ గంట ఆగాక పట్టుకున్నందుకు. తలుపునుంచి తీసేసి గొడుగుల గదిలో వేశారు. సందర్శకుల గొడుగులూ సంచులూ తీసుకుని బిళ్ల ఇవ్వడం పని. అక్కడ కుర్చీ ఉంది. కాళ్ల వాపు తగ్గింది. నాకైతే ఆ శిక్ష నచ్చింది, వదినకి నచ్చలేదు. ఇంట్లో తలుపు వేసినప్పుడల్లా చప్పుడు సరిగ్గా పడలేదని మళ్లీ తీసి వేస్తుంది.

హాజరుగారికి ఆ తర్వాత పార్టీ టిక్కెట్ ఇవ్వలేదు. ఓనరు క్యాలెండర్లు అచ్చువేయడం మానేశాడు, నాకు నమూనాల కాగితం కొనుక్కోవలసి వచ్చింది. ఆ కాస్త నష్టం భరించాను.

మొన్న వానలో హాజరుగారు సభకి వచ్చాడు. ఇప్పుడు పై గ్యాలరీ పాసు మీద రావాలి, నేనొకప్పుడు వచ్చినట్టు. నేను కొత్త కోట్లు ఇవ్వడానికి వెళ్లి గొడుగుల గదిలోనే ఉన్నాను. తడిసిన గొడుగు బల్ల మీద పెట్టాడు. వదిన నీళ్లు దులిపి, మేకుకి తగిలించి, బిళ్ల ఇచ్చింది. ఆయన వెళ్లలేదు. బిళ్ల వేళ్ల మధ్య తిప్పుతూ నిలబడ్డాడు. మనిషి బాగా చిక్కిపోయాడు. నాకు జాలి వెయ్యలేదు.

‘నీ తమ్ముడి పేరు నిలబడింది. నా పేరు పోయింది. ఇంకా కోపం పోలేదా చెల్లెమ్మా?’ అన్నాడు.

వదిన తర్వాతివాళ్ల గొడుగు అందుకుంటూ, ‘పోలేదు సార్’ అంది.